ఆదివారం కోసిన నాలుక చేప

తెనాలి చేపల మార్కెట్లో నన్ను తిట్టని మనిషి లేదు. కారణం చిన్నదే. చేప కొన్నాక అందరూ ముక్కలు పట్టుకెళ్తారు, నేను పేగులు కూడా కట్టివ్వమంటాను. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాడికి ప్రాక్టికల్స్ అనేవి ఉంటాయనీ, చేప ఏం తిని బతుకుతుందో పిల్లలకి చూపించాలనీ ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకి ఎక్కదు. మొన్న ఒకావిడ నాలుక చేపను శుభ్రం చేస్తూ చెయ్యి ఆపి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "చేప నేను తీసుకెళ్తాలే, పేగులు నువ్వు తీసుకెళ్ళు బాబూ, ఇద్దరికీ సుఖం" అంది. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. జీవితమంతా ఎవరో ఒకరి మీద జోకులేసి బతికినవాడికి అప్పుడప్పుడూ ఇలా వీపు వాయడం న్యాయమే.

ఇంటికొచ్చి ఆ పేగును ట్రేలో పరిచి, నీళ్ళు పోసి, భూతద్దం పెట్టి చూస్తే నాలుగు వెంట్రుక ముక్కల్లాంటివీ, వాటి మధ్య ఆవగింజలో సగం కూడా లేని నల్లటి కొక్కెం ఒకటీ కనిపించాయి. సముద్రం అడుగు బురదలో వానపాములా బతికే ఎర్ర అనే పురుగువి ఆ వెంట్రుకలు, ఆ కొక్కెం దాని పన్ను. ఆ పురుగు మెత్తటి జీవి, చేప పొట్టలో పడ్డ కొన్ని గంటలకే కరిగి నీరైపోతుంది. పన్ను మాత్రం పేగుదాకా ప్రయాణం చేస్తుంది. దాన్ని చూస్తే నాకు నాన్న గుర్తొచ్చాడు. చాలామందికి తండ్రి పాత కోటు చూస్తేనో, కళ్ళజోడు చూస్తేనో గుర్తొస్తాడు. మాది అంత ఉన్న కుటుంబం కాదు.

మా ఊరు రేపల్లె దాటాక, తారు రోడ్డు విసుగొచ్చి ఆగిపోయిన చోటు నుంచి ఇంకో అరగంట నడిస్తే వస్తుంది. అందరూ మెచ్చుకునే సముద్రం బాపట్ల వైపు ఉంది. అక్కడ ఇసుక ఉంటుంది, అలలు ఉంటాయి, జనం ఫొటోలు దిగుతారు. మా దగ్గర సముద్రం అంటే బురద. పాయ సముద్రంలో కలిసే చోట పోటు వచ్చినప్పుడు నీళ్ళు, పాటులో ఆ నీళ్ళు దిగిపోతే మోకాటి లోతు నల్ల బురద. సముద్రం తన అడుగును రోజుకి రెండుసార్లు విప్పి చూపించే చోటు అది. చూపించదగ్గదేమీ అక్కడ లేదని దానికి ఎవరూ చెప్పలేదు. ఆ బురదతిప్ప నిండా పెన్సిల్ ములుకంత కన్నాలు, కన్నానికొక ఎర్ర. పోటు ఎక్కగానే వాటి కోసం నాలుక చేపలు, జెల్లలు, ఇసుకదొందులు నేలకి పొట్ట ఆనించుకుని పైకొస్తాయి. నాలుక చేపను చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను. దేవుడు చేపను చేసి, ఆరకముందే పొరపాటున దానిమీద కూర్చున్నట్టు ఉంటుంది. రెండు కళ్ళూ ఒకే పక్క, మూతి వంకర. పనీపాటా లేనట్టు బురదలో పడి ఉండి, వాసన తగలగానే మూతి దించి, కన్నంలోంచి ఎర్రను దారం లాగినట్టు లాగేస్తుంది. మా బంధువుల్లో ఇలాంటివాళ్ళు ముగ్గురున్నారు.

మా ఇల్లు ఒకటే, పొయ్యిలు రెండు. నాన్న దావీదు పెద్దవాడు, బాబాయి ఏసోబు చిన్నవాడు. మధ్యలో వాకిలి, ఆ వాకిట్లో మంచం మీద నానమ్మ. ఆవిడ పొద్దున మా పొయ్యి దగ్గరా సాయంత్రం వాళ్ళ పొయ్యి దగ్గరా తిని, రెండు చోట్లా ఉప్పు తక్కువైందని చెప్పి, ఇక్కడి మాట అక్కడా అక్కడి మాట ఇక్కడా వడ్డించేది. నాన్న లేస్తూనే ప్రార్థన చేసుకుని, తర్వాత గోడమీది క్యాలెండర్లో తిథి చూసేవాడు. తాతల కాలం నుంచి లూథరన్ అయిన మనిషి తిథి చూడకుండా గడప దాటడేంటని అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఒకసారి అడిగారు. అది పంచాంగం కాదండి, సముద్రం, అన్నాడట నాన్న. తిథిని బట్టి పాటు వేళ తెలుస్తుంది. పాటులో తిప్ప మీదకి దిగి, వరసగా పాతిన గుంజలకి వల కట్టి వచ్చేవాడు. పోటులో పైకెక్కిన చేపలు నీళ్ళు దిగేటప్పుడు ఆ వల దగ్గర ఆగిపోయేవి. గుంజలు ఎవరు పాతితే ఆ మేర తిప్ప వాళ్ళది. కాగితం లేదు, రిజిస్ట్రీ లేదు. తాత పాతిన చోటే నాన్న పాతేవాడు. పొలం లేని మాకు కోతల కాలం పోగా మిగిలిన ఏడాదంతా ఆ తిప్పే అన్నం పెట్టేది, అందులో నా బాపట్ల చదువు కూడా ఉంది.

అమ్మ వేళ్ళకి బూడిద రాసుకుని, నాలుక చేప చర్మాన్ని తల దగ్గర పట్టి, మేజోడు విప్పినట్టు ఒక్క లాగు లాగేది. పొట్ట నొక్కితే సగం అరిగిన ఎర్రలు బయటికొచ్చేవి. వాటిని కోళ్ళకి విసిరి, చేపలో మామిడికాయ వేసి పులుసు పెట్టేది. ఆ పులుసు వాసన, తడి వల వాసన, కిరసనాయిలు వాసన కలిసి మా ఇంటికి ఒక ప్రత్యేకమైన గౌరవం తెచ్చాయి. బాపట్ల హాస్టల్లో నేను పెట్టె తెరవగానే రూమ్మేట్లు కిటికీ తెరిచేవాళ్ళు.

ఈ సుఖానికి బాబాయి అడ్డం పడ్డాడు. ఆయన అప్పటిదాకా కూలికెళ్ళేవాడు, వెళ్ళనప్పుడు కూలికెళ్ళేవాళ్ళ గురించి మాట్లాడేవాడు. ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డున రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు లేచాయి. తల్లి రొయ్యలకి బురద ఎర్రలు మేపితే గుడ్లు బాగా పెడతాయని హేచరీవాళ్ళు కనిపెట్టారు, మాకు ఎర్రలున్నాయని బాబాయి కనిపెట్టాడు. నెల తిరిగేసరికి మా వాకిట్లో ప్లాస్టిక్ ట్రేలు వరస కట్టాయి. వాటిలో తడి పేపర్లు, పేపర్ల మీద ఎర్రలు. ముందు వాటంతట అవి కదిలేవి, తర్వాత వాటి వాసన వాటంతట అది కదిలేది. మా చర్చి సంఘంలో కుర్రాళ్ళు సగం మంది పలుగూ పారా పట్టుకుని బాబాయి వెనక తిప్ప దిగారు. తిప్పలో తమ వాటా ముందు తవ్వేశారు. అది అయిపోయాక నాన్న గుంజల మధ్య కూడా తవ్వడం మొదలుపెట్టారు.

నాన్న వల ఖాళీగా రాసాగింది. ఎర్ర లేనిచోటికి చేప ఎందుకొస్తుందని నాన్న, చేప బురద తిని బతుకుతుంది గానీ ఎర్రను ముట్టదని బాబాయి. అన్నదమ్ములిద్దరూ నాలుగు రోజులు అరుచుకుని, తర్వాత మాట్లాడుకోవడం మానేశారు. అరవడమే నయం. వాకిట్లో ముగ్గుతో గీసినట్టు ఒక గీత వచ్చింది. మా కోడి ఆ గీత దాటి ఎర్రల ట్రేలో మూతి పెట్టిందని పిన్ని దాన్ని చీపురుతో కొడితే, అమ్మ ఆ కోడిని ఒళ్ళో పెట్టుకుని, దానికి చెబుతున్నట్టుగా పిన్ని పుట్టింటివాళ్ళ చరిత్ర మొత్తం చెప్పింది. కోడి ఓపిగ్గా విన్నది. నానమ్మ మాత్రం ఆ రోజుల్లో ఆరోగ్యంగా ఉండేది, మోయడానికి చాలా మాటలు దొరికేవి.

చివరికి తగువు సంఘ పెద్దల దగ్గరికెళ్ళింది. పెద్దల్లో పెద్ద కరుణయ్య తాత. చేప పొట్టలో ఎర్రలు రోజూ చూస్తున్నానని అమ్మ చెప్పింది. భార్య మాట సాక్ష్యం కాదన్నారు. నేనెప్పుడూ చూడలేదని పిన్ని చెప్పింది. అదీ సాక్ష్యం కాదన్నారు. రోజూ చేపలు కోసే ఆడవాళ్ళని పక్కన కూర్చోబెట్టి, కూర వడ్డించాక తప్ప చేప ముఖం చూడని మగవాళ్ళు పదిమంది చర్చి వసారాలో దాని భోజనం గురించి ఆలోచించారు. వాళ్ళలో కొందరికి నిజం తెలియక కాదు. వాళ్ళ కొడుకులు ఎర్రల కూలికి వెళ్తున్నారు. ఎర్రల కూలి ఇంటికొచ్చాక చేప ఏం తింటుందో గుర్తుండటం మానేసింది. ఎవరికో నేను గుర్తొచ్చాను. పరీక్షల ముందు సెలవులకి బాపట్ల నుంచి వచ్చి ఉన్నాను, సంఘం మొత్తానికి జువాలజీ డిగ్రీ చదువుతున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా దావీదుకి కొడుకుని, ఏసోబుకి కొడుకు వరసే. తాత తీర్మానం చెప్పాడు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ నేను చేపను కొయ్యాలి. పొట్టలో ఎర్ర కనిపిస్తే ఏసోబు మనుషులు దావీదు మేరలో కాలు పెట్టకూడదు. కనిపించకపోతే దావీదు గుంజలు పీకేసుకోవాలి.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. సంఘం ముందుకి ఏ జీవిని తెచ్చినా ప్రాణంతో తేవాలి. కోత పండగకి కోడిని తెస్తే కాళ్ళు కట్టి తెస్తారు గానీ కోసి తేరు. చచ్చినదాన్ని దేవుడి ఇంటి వసారా ఎక్కించడం మావాళ్ళు ఎరుగరు. ఆదివారం వల ముట్టడమూ ఎరుగరు. అందుకని నాన్న శనివారం పొద్దుటి పాటుకే మూడు నాలుక చేపల్ని పట్టి, అమ్మ బియ్యం కడిగే పెద్ద సిల్వర్ గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి వదిలాడు. రెండు మధ్యాహ్నానికే పోయాయి. మూడోది మొండిది, మా వంశంలో పుట్టాల్సింది. నాన్న పాయకి వెళ్ళి బిందెతో నీళ్ళు తెచ్చి, గంటకోసారి మారుస్తూ దాన్ని కాచుకున్నాడు. సాయంత్రానికి గిన్నె అడుగున సన్నటి నల్ల పోగులు కనిపించాయి. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కొత్త నీళ్ళు పోశాడు. నేను పక్కనే మంచం మీద పుస్తకం చదువుతున్నాను. పట్టిన చేపను వెంటనే మందులో వెయ్యాలనీ, ప్రాణంతో ఉంచితే అది పొట్ట ఖాళీ చేసేసుకుంటుందనీ ఆ పుస్తకంలోనే ఉంది. ఆ వాక్యం కింద నేనే ఎర్ర ఇంకుతో గీత గీశాను. పుస్తకంలో తెలిసినది గిన్నెలో తెలియలేదు.

ఆదివారం ఆరాధన ఎప్పటికంటే పొడుగు సాగింది. ఈస్టరుకి ముందు వచ్చే నలభై ఉపవాస దినాలు, అంటే శ్రమదినాలు కావడంతో అయ్యగారు ఉపవాసం గురించి చెప్పారు, ఆకలేస్తున్నవాళ్ళకి ఇంకా ఆకలేసేలా చెప్పారు. తర్వాత వసారాలో బల్ల వేశారు. ఒక పక్క నాన్న, ఒక పక్క బాబాయి, ఇద్దరూ ఇస్త్రీ చొక్కాల్లో, పెళ్ళికొచ్చిన వియ్యంకుల్లా బిగుసుకుని కూర్చున్నారు. నేను డిసెక్షన్ బాక్సు తెరిచాను. కత్తెర తియ్యగానే జనం అంతా ముందుకి వంగారు. పిల్లలు ఏడుపు ఆపారు. నాకు ఇలాంటి నిశ్శబ్దాలు చిన్నప్పటి నుంచీ పడవు. ఎవరైనా గంభీరంగా ఉంటే నాకు చెవిలో చీమ దూరినట్టు ఉంటుంది. చేపను తిప్పి, పొట్ట చీల్చి, పిన్నుతో విప్పాను. లోపల తెల్లగా, కడిగిన గ్లాసులా ఉంది. అప్పుడు గిన్నె గుర్తొచ్చింది, పుస్తకంలో గీసిన ఎర్ర గీత గుర్తొచ్చింది. పేగు ఇంకా కోయలేదు. కోసి, భూతద్దం పెట్టి వెతికితే పన్నో, వెంట్రుకో దొరికి ఉండేది. అందుకు ఇంకో పది నిమిషాలు ఆ నిశ్శబ్దంలో నిలబడాలి.

"ఏంట్రా, ఏముంది?" అన్నాడు కరుణయ్య తాత.

"ఏమీ లేదండి," అన్నాను. "శ్రమదినాలు కదా, ఉపవాసం ఉన్నట్టుంది."

ముందు అయ్యగారు నవ్వారు. ఆయన నవ్వితే నవ్వొచ్చని అందరికీ అనుమతి దొరికింది. వసారా మొత్తం నవ్వింది. పిన్ని నవ్వింది, నానమ్మ వినపడకపోయినా నవ్వింది. నేను చెప్పినవాటిలో అంత బాగా పేలిన జోకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. నవ్వు ఆగాక అసలు సంగతి చెబుదామనుకున్నాను. నవ్వు ఆగేసరికి తాత కండువా దులుపుకుని లేచాడు. "తేలిపోయింది కదా. ఇక పొండి" అన్నాడు. జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. చెప్పులు వెతుక్కునే జనానికి చేపల జీర్ణక్రియ గురించి చెప్పగలిగిన మాస్టారు ఇంతవరకు పుట్టలేదు. నేను బల్లవైపు తిరిగేలోపు కాకి ఒకటి వచ్చి పేగు మొత్తం ఎత్తుకుపోయింది. సాక్ష్యం కూడా పోయింది.

నాన్న సిల్వర్ గిన్నె తలకిందులు చేసి నీళ్ళు దులిపి, చంకన పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. బాబాయి మాత్రం నా భుజం మీద చెయ్యేసి, చదువంటే ఇదీ అని పదిమందికీ వినపడేలా మెచ్చుకున్నాడు. సాయంత్రం బండి మీద రేపల్లె తీసుకెళ్ళి వేడి వేడి పునుగులు తినిపించాడు. తిన్నాను. రెండో ప్లేటు కూడా తిన్నాను. ఇదొక్కటీ రాయకుండా ఉందామనుకున్నాను గానీ, మిగతా అందరి గురించీ ఇంత రాసి నా పునుగులు దాచుకోవడం బాగుండదు.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఆ తగువులో గెలిచినవాళ్ళు ఎవరూ కనిపించరు. బాబాయి వ్యాపారం మూడేళ్ళు నడిచింది. బయటి ఎర్రల వల్ల తల్లి రొయ్యలకి జబ్బులొస్తున్నాయని హేచరీవాళ్ళు భయపడి మానేశారు. ట్రేలు కొన్నాళ్ళు కొత్తిమీర పెంచడానికి పనికొచ్చాయి. ఇప్పుడు బాబాయికి షుగరు, చేప తప్ప ఏదీ తినొద్దన్నారు, ఆ చేప దొరకదు. తిప్ప మీద కన్నాలు తగ్గాయి, చేపలు తగ్గాయి. ఎర్రల్ని తవ్వినందుకే తగ్గాయని నేను ప్రమాణం చెయ్యలేను. పాయ మూతి కూడా పూడింది, రొయ్యల చెరువుల మురికి కూడా అందులోకే వదిలారు. ఈ మాట తరగతిలో చెప్తే పిల్లలు పరీక్షలో ఏది రాయాలో చెప్పండి సార్ అంటారు. అప్పట్లో అమ్మ విసిరేసేంత చిన్నదిగా అనిపించే నాలుక చేప ఇప్పుడు తెనాలిలో పెద్దదిగా లెక్క. కరుణయ్య తాత లేడు, నానమ్మ లేదు, నాన్న పోయి నాలుగేళ్ళు. గుంజలు పీకేసిన ఏడాది నుంచి నాన్న ఊళ్ళు పట్టుకు తిరిగాడు. కొలకలూరు వైపు నాట్లు, కాకుమాను వైపు కోతలు. సెలవులకి నేను ఇంటికొచ్చినప్పుడు ఆయన ఉండేవాడు కాదు, ఆయన వచ్చినప్పుడు నేను ఉండేవాణ్ణి కాదు. మా ఇద్దరికీ అదే వీలుగా ఉండేదనుకుంటాను. నా ఫీజు మాత్రం ఆగలేదు.

ఆ ఆదివారం తర్వాత వచ్చిన బుధవారం నేను బాపట్ల వెళ్ళిపోవాలి. ఆ పొద్దున నాన్న గునపం భుజాన వేసుకుని, రమ్మని అనకుండా, నా వైపు ఒకసారి చూసి బయల్దేరాడు. వెనకే నడిచాను. పాటు బాగా దిగింది. తిప్పకి అవతలి కొసన బాబాయి కుర్రాళ్ళు అప్పుడే తవ్వుతున్నారు. మమ్మల్ని చూసి ఒకడు ఉపవాసం గురించి ఏదో అన్నాడు, మిగతావాళ్ళు నవ్వారు. నా జోకు అప్పటికే ఊరి సొత్తయిపోయింది. నాన్న మొదటి గుంజ దగ్గర గునపంతో చుట్టూ బురద కదిలించి, రెండు చేతులా పట్టి ఊపాడు. నేను అటు పక్క పట్టాను. మూడు గుంజలు అలాగే పీకాం. నాలుగోదాని దగ్గర ఇక ఆగలేక, శనివారం నుంచి గిన్నెలో ఉంచడం వల్ల చేప పొట్ట ఖాళీ అయిందనీ, వల దగ్గరే చంపి తెచ్చి ఉంటే ఎర్రలు కనిపించేవనీ, ఇది ఆదివారం కొయ్యగానే నాకు తెలిసిందనీ చెప్పేశాను. చెప్పిన తీరు క్షమాపణలా లేదు, పాఠంలా ఉంది. నాకు వచ్చింది అదే.

నాన్న గుంజ వదల్లేదు. తల కూడా ఎత్తలేదు.

"పుట్టినకాడ్నుంచి చేపలు పడతన్నా. గిన్నెలో పెడితే పొట్ట దిగిపోద్దని నాకు తెలీదంటావా?" అన్నాడు.

మరి తెలిసీ ఎందుకు తెచ్చావని అడిగాను.

"చచ్చినదాన్ని గుడి ముందుకి ఎట్టా తెస్తాను?" అన్నాడు. కాసేపు గుంజను ఊపి, మళ్ళీ అన్నాడు. "నేను చెప్తే దావీదు వాదిస్తన్నాడంటారు. నువ్వు చెప్తే చదువంటారు. నువ్వు చెప్తావని నోరు మూసుకుని కూర్చున్నా."

అవతల కుర్రాళ్ళ పారలు బురదలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పాయ మూతి వైపు నీళ్ళు మళ్ళీ కదలడం మొదలైంది.

"అట్టా నిలబడకు. పట్టు, పోటొస్తంది," అన్నాడు నాన్న.

పట్టుకున్నాను. ఇంకా తొమ్మిది గుంజలున్నాయి.